మోగని మెట్టు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని ఫోన్ వస్తే ముందు తప్పించుకున్నాను. సార్ల దెబ్బలు, ఎగ్గొట్టిన క్లాసులు, గోడ దూకి చూసిన సినిమాలు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నాకు రాయాలని ఉన్నది మన బడి హార్మోనియం గురించి. అందులోనూ ఒక్క మెట్టు గురించి.

మా 1990-91 పదో తరగతి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత చదివినవాళ్ల కోసం చెబుతున్నాను. హెడ్మాస్టరు గారి గదిలో బీరువా పక్కన, ఎర్ర గుడ్డ కప్పి ఒక హార్మోనియం ఉండేది. పొద్దున ప్రార్థనకు దాన్ని జెండా గద్దె దాకా మోసే డ్యూటీ ఇద్దరిది. ఒక పక్క నేను, ఇంకో పక్క వాడు. బడిలో వాడిని అసలు పేరుతో పిలిచింది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ 'పెట్టెగాడు'. ఇక్కడా అలాగే రాస్తాను.

వాళ్ల నాన్న ప్రతి శనివారం రాత్రి మా ఊరి హనుమాండ్ల గుడిలో భజనకు పెట్టె వాయించేవాడు. వీడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాన్న మోచేతి పక్కన కూర్చుని, చూసి చూసి పట్టేశాడు. నేను తాళాలు కొట్టేవాణ్ని. అదీ సరిగ్గా కాదు. "నీకు బస్సు పోతున్నదారా, గంత ఉరుకుతవ్" అని ప్రతి శనివారం తిట్టేవాడు.

బడి పెట్టెలో ఒక లోపం ఉండేది. ఒకటి శృతి పెట్టుకుంటే, అంటే పాట 'స'ను పెట్టె మీద ఆ శృతి మెట్టు దగ్గర మొదలుపెడితే, మధ్య స్థాయిలో మధ్యమం (మ) మోగదు. నొక్కితే మెట్టు కిందికి దిగుతుంది, ఫుస్సుమని గాలి వస్తుంది, అంతే. మన ప్రార్థన పాట పల్లవిలోనే గ, మ, ప అని ఎక్కే చోటు ఉంది. అక్కడ వాడు గాంధారం మీద రవ్వంత ఎక్కువసేపు ఆగి, దాన్నే ఇంకోసారి అలా తాకి, పంచమం మీదికి దూకేవాడు. గా... గప. వినేవాళ్లకు మధ్యలో ఏదో జారినట్టు ఉండేది తప్ప లోటు తెలిసేది కాదు. స్వరం మీది నుంచి స్వరం మీదికి జారడం హార్మోనియంకు చేతకాదన్నది పాత విమర్శే. అదీ ఒక కారణంగా ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గడప తొక్కనివ్వలేదు. మా పెట్టెగాడు పదిహేనేళ్ల వయసులో, పాడైన పెట్టె మీద, లేని జారుడును ఉన్నట్టు నమ్మించాడు. స్నేహితుడని కొంచెం ఎక్కువ చెబుతున్నానేమో, చెప్పనివ్వండి.

ఇంకో అలవాటు. పాట మొదలుపెట్టే ముందు ఏ మెట్టూ నొక్కకుండా తిత్తిని రెండుసార్లు ఊపేవాడు. ఆ గాలి చప్పుడుకే లైన్లు సర్దుకునేవి. పీఈటీ సార్ విజిల్‌కు కూడా మనం అంత తొందరగా కుదురుకునేవాళ్లం కాదు.

పదో తరగతి తర్వాత నేను హైదరాబాదు పోయాను. వాడు నల్లగొండలో గడియారం సెంటరు దగ్గర మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. తర్వాత మేం కలుసుకున్నదంతా పెళ్లిళ్లలో, చావుల్లో. మా వైపు ఎవరైనా పోతే ఆ రాత్రి శవం దగ్గర తెల్లవార్లూ భజన చేస్తారు. 2009లో మా నాన్న పోయినప్పుడు కబురందిన గంటన్నరలో స్కూటరు వెనక పెట్టె కట్టుకుని వచ్చాడు. మూడు దాటాక పాడేవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ కునికారు. వాడొక్కడే వాయిస్తూ ఉన్నాడు, పాట లేకుండా, మెల్లగా. గోళ్ల సందుల్లో వైండింగ్ వార్నిష్ మరకలు. ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. తాళాలు నా ఒళ్లోనే ఉన్నాయి, కొట్టలేదు.

2021 మే నెలలో వాడు కరోనాతో పోయాడు. ఎనిమిది రోజులు ఆస్పత్రి, తర్వాత ఫోన్. వెళ్లడానికి లేదు, చూడడానికి లేదు. ఎందరి ఇళ్లలోనో రాత్రంతా వాయించినవాడు. వాడి రాత్రి పెట్టె మూత ఎవరూ తియ్యలేదు.

ఆ ఆగస్టులో నేనొక సెకండ్ హ్యాండ్ హార్మోనియం కొన్నాను. వాడి సొంత పెట్టె అడగడానికి నోరు రాలేదు. వదిన దాన్ని మంచం పక్కనే ఉంచుకుంది. నలభై ఆరేళ్లకు వేళ్లు వంగవు, తెలుసు. అయినా వారానికి రెండు రోజులు ఒక టీచరమ్మ దగ్గరికి పోయాను. నెల తిరక్కముందే ఆమె అడిగింది: "మధ్యమం ఎందుకు వదిలేస్తున్నారండీ?" అప్పటిదాకా నేను గమనించనే లేదు. పెట్టెలో అన్ని మెట్లూ మోగుతున్నాయి. నా వేలే దాటిపోతోంది.

పోయినేడాది సమ్మేళనం మాటలు మొదలయ్యాక బడి పెట్టె కోసం వెతికితే స్టోరు రూములో విరిగిన బెంచీల కింద దొరికింది. అడిగి తీసుకుని హైదరాబాదులో రిపేరుకు ఇచ్చాను. రిపేరు చేసేాయన పైచెక్క తీసి ఇత్తడి రీడు, అంటే గాలికి మోగే రేకు, చూపించాడు. రీడు నాలుకకూ దాని చట్రానికీ మధ్య తెల్లటి పలుకు ఇరుక్కుని ఉంది. సుద్దముక్క! సన్నటి బ్లేడుతో నాలుకను కొంచెం లేపి ఊదాడు. మోగింది. రెండు నిమిషాల పని.

పాట వాయించి చూపిస్తే నవ్వాడు. "రెండు శృతికి జరుపుకుంటే ఈ పాటకు ఆ మెట్టు పనే పడదు కదా సార్." నిజమే. మాకెవరికీ తట్టలేదు. వాడికి తట్టిందా, తట్టినా ఊరుకున్నాడా, ఇప్పుడు ఎవరిని అడగాలి?

మొన్న కనుమ రోజు అదే జెండా గద్దె దగ్గర మా బ్యాచ్ ఇరవై ఆరు మందిమి నిలబడ్డాం. పొట్టలు, కళ్లజోళ్లు, మోకాళ్లకు పట్టీలు. తిత్తిని ఊరికే రెండుసార్లు ఊపాను. మాటలు ఆగిపోయాయి. మూడు వారాలు ప్రాక్టీసు చేసి మరీ వచ్చాను కాబట్టి గ, మ, ప ఒక్కటీ వదలకుండా వాయించాను. ఇరవై అయిదు గొంతులు మాత్రం గా... గప అన్నాయి. నా మధ్యమం ఒక్కటే మధ్యలో తేలింది.

"తప్పు వాయిస్తున్నవేందిరా" అంది ముందు వరసలోంచి ఒకామె.

పల్లవి మళ్లీ వచ్చినప్పుడు ఆ మెట్టు నొక్కలేదు.