మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?

సంతకం కలవలేదని అన్నయ్య చెక్కు బ్యాంకు నుంచి వెనక్కొచ్చింది. పొద్దున పూట ఒక పెగ్గు పడితేగానీ చేతి వణుకు ఆగని స్థితి. "ఇక నావల్ల కాదయ్యా, ఎవరికైనా చూపించు" అంది వదిన.

మాది నర్సీపట్నం. ఎవరికి చూపించాలి? బంధువులొకరు తాగుడు మాన్పించడానికి కూరలో కలిపే మందు తెస్తామన్నారు, అన్నయ్యకు తెలియకుండా. తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది: అలాంటి మందు కడుపులో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చట. ఇంకొకరు ఒక డీ అడిక్షన్ సెంటర్ నంబరిచ్చారు. చేస్తే, "అడ్రస్ చెప్పండి, రాత్రికి మా కుర్రాళ్లొచ్చి ఎత్తుకొచ్చేస్తారు. మూడు నెలలు మీరెవరూ చూడ్డానికి రాకూడదు" అన్నాడొకాయన. నాకే ఒళ్లు జలదరించింది.

ఆ రాత్రే 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని 2022లో కేంద్రం పెట్టిన ఉచిత లైను, తెలుగులోనే మాట్లాడారు. అవతలి మేడమ్ మొదట అడిగింది చేతుల వణుకు గురించే. "రోజూ తాగే మనిషి చేత ఉన్నపళంగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. ముందు సైకియాట్రిస్టు, ఆ తర్వాతే కౌన్సెలింగ్" అన్నారు. నేను కౌన్సెలర్ కోసమే తిరుగుతున్నాను!

లైసెన్సు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. మన దేశంలో వ్యసనాల కౌన్సెలర్‌కని వేరే లైసెన్సు లేదు, ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. సెంటర్‌కైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరుకోలేక ఆ సెంటర్‌కే మళ్లీ ఫోన్ చేసి నంబరు అడిగాను. "అవన్నీ మీకెందుకండీ" అని పెట్టేశాడు.

ఇక అన్నయ్య. "నేనేమన్నా పిచ్చోణ్నా?" అని రెండు వారాలు కదల్లేదు. నేను తాగుడు మాటెత్తడం మానేసి, "ఆ చేతి వణుకు చూపిద్దాం పద" అన్నాను. దానికి వచ్చాడు. ఆ వణుకంటే తనకీ భయమే పాపం.

విశాఖలో డాక్టరు ఎనిమిది రోజులు అడ్మిట్ చేసుకున్నారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు, రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చే మాత్రలు. అక్కడే సైకాలజిస్టు మేడమ్‌ని కలిశాం. మొహమాటపడుతూనే అడిగాను, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ అని. ఆవిడ నవ్వి చీటీ వెనక రాసిచ్చారు. బయటికొచ్చి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే పేరు వచ్చింది.

కౌన్సెలింగ్‌కి మొదటి నాలుగుసార్లు బస్సులో వెళ్లాం. ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్. అన్నయ్య ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోతాడు, మమ్మల్ని రానివ్వడు. మధ్యలో ఒక పెళ్లిలో తాగాడు. వదిన అన్నం మానేసింది. ఆ ఆదివారం కాల్‌లో ఆ సంగతి తనే చెప్పుకున్నాడట.

మొన్న బ్యాంకువాళ్లు కొత్త సంతకం ఇచ్చి వెళ్లమన్నారు. పాతదే పెట్టొచ్చాడు.