3, 6, 9 పలకని మైక్రోవేవ్ ఓవెన్: నా అనుభవం

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంట్లో ఇనుప సామానుకు తుప్పు త్వరగా పడుతుంది. అదే తేమ మైక్రోవేవ్ ఓవెన్ కీప్యాడ్‌ను కూడా వదలదని మొన్నటి వానకాలంలో తెలిసింది. మొదట స్టార్ట్ బటన్ గట్టిగా నొక్కితే గానీ పలికేది కాదు. తరువాత 3, 6, 9 అంకెలు మూగబోయాయి. గడియారం మాత్రం సరిగ్గానే నడుస్తోంది, తలుపు తీస్తే లోపలి దీపం వెలుగుతోంది, మిగిలిన అంకెలు నొక్కితే ఎప్పటిలాగే బీప్ వినిపిస్తోంది.

సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే, ఓవెన్‌ను చూడకుండానే, దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పలకను, అంటే కంట్రోల్ బోర్డును మొత్తం మార్చాలన్నారు. వారు చెప్పిన ఖర్చు కొత్త ఓవెన్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. బోర్డు నిజంగా పోయి ఉంటే మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, పోయింది అదేనని తేలకుండా అంత డబ్బు పెట్టడం న్యాయంగా తోచలేదు. అందుకని మూత విప్పకుండా బయటినుంచి తెలుసుకోగలిగినదంతా ముందు తెలుసుకుందామనుకున్నాను.

చైల్డ్ లాక్ పడితే బటన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి కనుక కారణం అది కాదు. ప్లగ్గు తీసి కాసేపు ఆగి మళ్లీ పెట్టినా మార్పు రాలేదు. తలుపు దగ్గరి స్విచ్చులు చెడినా స్టార్ట్ పనిచేయదు, దాన్ని చాలామంది కీప్యాడ్ లోపమనే అనుకుంటారు. అయితే ఆ స్విచ్చుల వల్ల అంకెలు మూగబోవు. మా ఓవెన్‌లో 3, 6, 9 నొక్కితే బీప్ కూడా రావడం లేదంటే, నొక్కిన సంగతి బోర్డుకు చేరనే లేదన్నమాట. కాగితం మీద కీప్యాడ్ బొమ్మ గీసి, ఏ బటన్ ఏ వేళ ఎలా ఉందో గుర్తు పెడుతూ వచ్చాను. పొద్దున్న పక్క పొయ్యి మీద ఇడ్లీల ఆవిరి లేచాక లోపం ఎక్కువయ్యేది, ఎండ పడే వేళకు 6 అప్పుడప్పుడూ పలికేది.

మా వీధి చివర టీవీలు, మిక్సీలు బాగుచేసే పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "మాస్టారూ, ఒకే వరసలోవి పోయాయంటే బటన్లు అరగడం కాదండి, దారి తెగిందండి" అన్నారు. కీప్యాడ్‌లో ఒకదానిపై ఒకటి రెండు పలుచని ప్లాస్టిక్ పొరలుంటాయి, వాటి మీద విద్యుత్తు ప్రవహించే గీతలు అచ్చువేసి ఉంటాయి. నొక్కిన చోట పై గీత కింది గీతను తాకుతుంది. ఒక్కో బటన్‌కు విడిగా తీగ ఉండదు. అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసే చోట్లే బటన్లు. అందువల్ల ఒక్క గీత తెగితే దాని మీది బటన్లన్నీ ఒకేసారి పోతాయి.

మూత ఆయనే విప్పారు. ఈ పని తెలియనివారు ఎంత మాత్రం చేయకూడదని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే విద్యుత్తును నిల్వ ఉంచే లోపలి కెపాసిటర్‌లో 2,000 వోల్టులకు పైబడిన విద్యుత్తు ప్లగ్గు తీసేసిన తరువాత కూడా నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. ఆయన ముందుగా దాన్ని డిశ్చార్జి చేసి, అంటే అందులో నిలిచిన విద్యుత్తును పోగొట్టి, మీటర్‌తో సరిచూసుకున్న తరువాతే బోర్డు మీద చెయ్యి వేశారు.

కీప్యాడ్ నుంచి బోర్డుకు వెళ్లే రిబ్బన్‌ను సాకెట్ నుంచి లాగి వెలుతురులో పెట్టి చూస్తే, వెండి రంగు గీతల్లో ఒకటి మాత్రం చివర నల్లబడి ఉంది. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి మెల్లగా తుడిచారు. గట్టిగా రుద్దితే అచ్చువేసిన గీతే లేచిపోతుందట. తుడిచాక మీటర్ తగిలించి ఒక్కో బటన్ నొక్కుతూ పోతే, మంచి బటన్లకు ముల్లు వెంటనే కదిలింది, 6కు వణికింది, 3కూ 9కీ కదలనే లేదు. నల్లదనం పైపైనే లేదు, గీత పొడవునా లోపలికి పాకింది. కాబట్టి పోయింది కీప్యాడ్ పొర, బోర్డు కాదు.

ఓవెన్ వెనక అంటించిన కాగితం మీది మోడల్ నంబరుతో కొత్త పొర తెప్పించాము. వెనక జిగురుకాగితం ఒలిచి అంటిస్తే మళ్లీ తీయడం కష్టం కనుక, ఆయన ఒలవకముందే కొత్త రిబ్బన్‌కు మీటర్ పెట్టి బటన్లన్నీ పరీక్షించారు. పాతదాన్ని హెయిర్ డ్రయ్యర్ వేడితో మెత్తబరిచి తీశారు. మూత బిగించాక గిన్నెలో నీళ్లు పెట్టి నడిపాము. ఖాళీ ఓవెన్‌ను నడిపితే మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ దెబ్బతినవచ్చు. 3, 6, 9 మూడూ పలికాయి, స్టార్ట్ తేలిగ్గా నొక్కితే చాలు పనిచేసింది. పొరకూ ఆయన కూలికీ కలిపి అయిన ఖర్చు బోర్డుకు చెప్పిన మొత్తంలో నాలుగో వంతు కూడా లేదు. ఇప్పుడు ఓవెన్‌ను పొయ్యికి దూరంగా ఇంకో గట్టు మీదికి మార్చాము, బటన్లను తుడవడానికి నీళ్లు చల్లకుండా, బాగా పిండిన గుడ్డే వాడుతున్నాము.