తువ్వాలు కింద బేరం

"ఈ లోపాలన్నిటికీ తగ్గించాకే ధర చెప్పాను. వాటినే చూపించి మళ్ళీ తగ్గించమంటే, నా మాట నమ్మలేదనేగా?"

జపాన్‌లో మాత్సుమొతో అనే ఊరి చివర చిన్న షెడ్డులో డెబ్బై దాటిన ఒక మెకానిక్ నాతో అన్న మాట ఇది. కోపంగా కాదు, మెల్లగానే అన్నారు. వారమైనా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆరేళ్ళుగా హమమాత్సులో విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. 1989లో యూనోస్ పేరుతో వచ్చిన తొలితరం మాజ్డా రోడ్‌స్టర్, అంటే టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు, ఒకటి కొనుక్కోవాలని ఎప్పట్నుంచో కోరిక. నగోయాలో షినానో రైలెక్కి రెండు గంటలు ప్రయాణం చేసింది అందుకే.

చిన్నప్పుడు నాన్నతో ఎడ్ల సంతకు వెళ్ళినవాణ్ణి. పళ్ళు, గిట్టలు, సుడులు చూడందే నాన్న బేరంలోకి దిగేవాడు కాదు. నేనూ జేబులో అయస్కాంతం, టార్చి వేసుకుని వెళ్ళాను. ఫెండర్ల మీద అయస్కాంతం పట్టుకుంది, బానెట్ మీద జారిపోయింది. సొట్టను కప్పిన పుట్టీ దొరికిందనుకున్నాను. "అది అల్యూమినియం. కంపెనీ నుంచే అంతే," అన్నారాయన. "దాన్ని పట్టి ఉంచే బోల్టులు చూడండి." స్పానర్ పడితే బోల్టు తల మీద రంగు పగులుతుంది. ఇక్కడ పగల్లేదు, అంటే బానెట్ విప్పలేదు.

ఇక ఆయనే చూపించుకుంటూ పోయారు. టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న గొట్టాల్లోంచి కిందికి దిగిపోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి పూడుకుపోతే నీళ్ళు డోరు కింది పెట్టెలోకి దిగి లోపల్నుంచే తుప్పు పడుతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పైగా ఆ ఊరున్న నాగనో ప్రాంతంలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది కింది నుంచి తినేస్తుంది. బండిని లిఫ్ట్ మీదికెత్తి, ఎడమ వెనక చక్రం ముందు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టారు. ఖంగుమంది. కుడివైపు కొట్టారు. మోత మందంగా వచ్చింది. "ఇక్కడ 2016లో నేనే కోసి రేకు అతికాను," అంటూ అప్పటి ఫొటోలు చూపించారు. మ్యాట్లెత్తి చేత్తో తడి చూడమన్నారు. నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యలేదట, చల్లటి ఇంజను చేసే చప్పుడే అసలైనదట. టైమింగ్ బెల్టు మార్చిన తేదీ సర్వీసు పుస్తకంలో ఉంది. షాకెన్ అనే తప్పనిసరి బండి తనిఖీ తాలూకు పాత కాగితాలు కట్టగా ఉన్నాయి, వాటిలోని కిలోమీటర్లతో మీటరు సరిపోల్చుకోవచ్చు. 13 ఏళ్ళు దాటిన పెట్రోలు బండికి ఏటా పన్ను దాదాపు 15 శాతం ఎక్కువని కూడా ఆయనే గుర్తుచేశారు.

అంతా విని, "కుడివైపు అతుకుంది కదా, ఒక యాభై వేల యెన్లు తగ్గించండి" అన్నాను. ఆయన ఆ మాట అన్నది అప్పుడే.

మన దగ్గర బేరం అవమానం కాదు. చెప్పిన ధరకే ఒప్పుకుంటే, తక్కువ చెప్పానేమోనని అమ్మినవాడే రాత్రంతా బాధపడతాడు. సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటూ అరగంట పట్టుబట్టినవాళ్ళు, బేరం తెగాక పక్కపక్కన కూర్చుని టీ తాగడం నేను చూశాను. ఇదంతా ఆయనకు చెప్పాలనిపించింది, నా జపనీస్ చాల్లేదు. తర్వాత తిరుగు రైల్లో తట్టింది. సంతలో లోపం వెతుక్కోవాల్సింది కొనేవాడు, ఆ కష్టానికే తగ్గింపు. ఇక్కడ వెతికిందంతా ఆయన. నేను చెయ్యని పనికి కూలి అడిగాను.

జపాన్‌లో అందరూ ఇలాగే ఉంటారని నేననను. అలా ఉంటే పాత కార్ల వేలంలో, యాక్సిడెంటై రిపేరైన బండ్ల తనిఖీ షీటు మీద ఆర్ అనే గ్రేడు వెయ్యాల్సిన పనే ఉండదు. నాన్న చేసింది తప్పని కూడా అనను. ఎద్దు చెడ్డదైతే ఆ ఏడు మా ఇంట్లో గింజలుండేవి కావు.

వారం తర్వాత ఫోన్ చేసి, ఆయన చెప్పిన ధరకే తీసుకుంటానన్నాను. తాళాలిచ్చిన రోజు ఆయన సీట్ల వెనక సీసాతో నీళ్ళు పోశారు. వెనక చక్రాల ముందు రెండు వైపులా ధార పడింది. "ఏటా త్సుయు వానలకు, అదే జూన్ వానాకాలానికి, ముందు ఇలా చూసుకోండి."

మొన్న జూన్ మొదట్లో పోసి చూశాను. ఎడమవైపు వెంటనే పడింది. కుడివైపు ఒక్కొక్క చుక్కే. నైలాన్ తీగ దించి మెల్లగా ఆడిస్తే, నల్లగా నానిన ఆకు ముక్క ఒకటి దానికి అంటుకుని పైకొచ్చింది.