తలుపు తట్టే మాట: బోఁజూర్

హన్మకొండలో కిరాణా దుకాణానికి పోతే "అన్నా, పావుకిలో శక్కర ఇయ్యి" అంటాం. అందులో తప్పేమీ లేదు, ఆ ‘అన్నా’లోనే మర్యాద ఉంది. ఫ్రాన్స్‌లో రొట్టెల దుకాణంలోకి వెళ్లి ఇలాగే నేరుగా "ఒక బగెత్ (పొడుగాటి రొట్టె) ఇవ్వండి" అంటే, వెనక ఎన్ని ప్లీజులు తగిలించినా కౌంటర్‌లో ఉన్నావిడ ముఖం బిగుసుకుంటుంది. కొందరైతే "బోఁజూర్" అని తమ ఫ్రెంచ్ పలకరింపును నొక్కి పలికి, మీరు బదులు చెప్పేదాకా ఆగుతారు. కాజీపేటలో రైలెక్కి చదువులకు పోయిన మన పిల్లలు మొదటి వారంలోనే దీన్ని చూసి, తమను చిన్నచూపు చూశారని నొచ్చుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ ఒక్క మాట చెప్పకపోవడమే.

‘బోఁ’ అంటే మంచి, ‘జూర్’ అంటే రోజు. యాప్‌లు దీన్ని శుభోదయం అని నేర్పుతాయి. నిజానికి పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఇదే మాట, మధ్యాహ్నం మూడింటికి కూడా. ఇంకొకరి ఇంట్లోకి పోయే ముందు తలుపు తట్టినట్టు, ఎదుటి మనిషితో మాట కలిపే ముందు బోఁజూర్ చెప్పాలి. దారి అడగాలన్నా ముందు అదే. బస్సెక్కేటప్పుడు డ్రైవర్‌కు, లిఫ్టులో పక్కవాళ్లకు, డాక్టర్ దగ్గర వేచి ఉండే గదిలో కూర్చున్న అందరికీ కలిపి ఒకసారి చెబుతారు. తెలియని వాళ్లయితే వెనకాల ఆడవాళ్లకు ‘మదామ్’, మగవాళ్లకు ‘మొస్యూ’ చేర్చండి. వయసులో చిన్నగా కనిపించినా ‘మద్‌మ్వజెల్’ (పెళ్లికాని అమ్మాయిని పిలిచే మాట) వద్దు. 2012లో ప్రభుత్వ ఫారాల నుంచే ఆ మాటను తీసేశారు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇంకోచోట. కాలేజీ వరండాలో సార్ నాలుగుసార్లు ఎదురైతే నాలుగుసార్లూ "నమస్తే సార్" అంటాం. అక్కడ ఒక మనిషికి రోజుకు ఒక్క బోఁజూరే. రెండోసారి చెబితే, పొద్దున కలిసింది మరిచిపోయారని అర్థం. మళ్లీ ఎదురైతే చిన్న నవ్వు చాలు, లేదంటే ‘రబోఁజూర్’ (మళ్లీ బోఁజూర్) అనొచ్చు.

సాయంత్రం ఆరు ప్రాంతంలో ‘బోఁస్వార్’ (శుభ సాయంత్రం)లోకి మారతారు. దీనికి గడియారం చూసే కచ్చితమైన గీత లేదు, ఎదుటివాళ్లు ఏది అంటే అదే అనండి. ‘బోన్ న్యుయీ’ (శుభరాత్రి) మాత్రం పడుకోబోయే మనిషికే. ఏడింటికి ల్యాబ్ నుంచి బయల్దేరుతూ ఆ మాటంటే, ఇంత తొందరగా నిద్రపోతారా అనుకుంటారు.

పలకడంలో చిక్కు మూడుచోట్ల. ‘బోఁ’ దగ్గర ‘న్’ గానీ ‘మ్’ గానీ పలకకండి, ‘బ’ తర్వాత పెదవులు మళ్లీ కలవకూడదు. మనం రాయడం మానేసిన అరసున్న ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ‘జూ’కు మన ‘జ’ పనికిరాదు: ‘శ’ అంటూ గొంతు మోగించండి. చివరి ‘ర్’ గొంతులోంచి రావాలి. ఓరుగల్లులో ఉర్దూ వింటూ పెరిగినవాళ్లకు ఇది సులువు, ‘గజల్’లో మొదటి అక్షరాన్ని ఉర్దూవాళ్లు పలికే తీరుకు దగ్గరగా ఉంటుంది. ఆ చివర ‘బోంజూరు’ అని ఉకారం తగిలించడం మన నాలుకకు అలవాటు, దాన్ని మానుకోవాలి.

‘సాల్యు’ దోస్తులకు. కలిసినప్పుడూ అదే, విడిపోయేటప్పుడూ అదే. ప్రొఫెసర్‌కు చెప్పకండి. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకు ‘త్యు’, ‘వూ’ తేడా కష్టం కాదు: దోస్తును "సా వా?" (ఎట్లున్నవ్) అని అడగండి, పెద్దవాళ్లను "కొమాఁతలే వూ?" (ఎట్లున్నరు) అని. జవాబు పొట్టిగా ఉండాలి. "మంచిగున్నవా, తిన్నవా, ఇంటికాడ అందరు మంచిగున్నరా" అని మనం వరసగా అడిగినట్టు అక్కడ ఉండదు. "సా వా, ఎ త్వా?" (మంచిగున్న, నువ్వు?) అంటే అయిపోయింది. చెంపకు చెంప ఆనించే ‘బీజ్’ ఇబ్బందిగా ఉంటే ముందే చెయ్యి చాచండి, ఎవరూ తప్పుపట్టరు. ‘ఆలో’ ఫోన్‌లో వాడేది, ఎదురుగా ఉన్న మనిషికి పలకరింపుగా కాదు.

వెళ్లేటప్పుడు ‘ఓ ర్‌వ్వార్’. మళ్లీ చూసేదాకా అని. గడప దాటుతూ ‘పోతున్న’ అనకుండా ‘పోయొస్త’ అనే మనకు దీని మనసు వెంటనే తెలుస్తుంది. ‘అద్యో’ అంటే చాలాచోట్ల ఇక కలవమన్నట్టే, దాని జోలికి పోకండి. దుకాణం నుంచి బయటికొచ్చేటప్పుడు "మెర్సీ (థాంక్స్), ఓ ర్‌వ్వార్" అనగానే అటునుంచి "బోన్ జూర్నే" అని వినిపిస్తుంది, మీ రోజు బాగా గడవాలని. చాలామంది దానికీ మెర్సీ అని ఊరుకుంటారు. "వూజోసీ" అని కలపండి. మీక్కూడా అని.