తొంభై నిమిషాల ఆటలో ఎత్తు ఎలా ఎంచుకుంటాను

బరంపురంలో చదరంగం ఆడే మన పిల్లలైనా, ఇచ్ఛాపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్లైనా మొదట అడిగేది ఒకటే: "మాస్టారూ, గ్రాండ్‌మాస్టర్లు ఎన్ని ఎత్తులు ముందుకి చూస్తారు?" ప్రశ్నలోనే తిరకాసుంది. డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త డి గ్రూట్ ఆటగాళ్ల చేత పైకి మాట్లాడిస్తూ ఆలోచింపజేసి, 1946లో తన పరిశోధన అచ్చువేశాడు. పెద్ద ఆటగాళ్లు మిగతావాళ్ల కంటే మరీ లోతుకి వెళ్లలేదు. చూడాల్సిన ఎత్తు వాళ్ల కంటికి ముందే ఆనింది, అంతే.

కన్ను అంతగా కుదరని నాలాంటివాళ్లకి క్రమం కావాలి. ముందు గడియారం. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఆడిన ప్రతి ఎత్తుకీ 30 సెకన్ల చేర్పు ఉంటే 40 ఎత్తులకి 110 నిమిషాలు. సమానంగా పంచితే ఎత్తుకి రెండుముప్పావు నిమిషాలు వస్తుంది గానీ అలా పంచకూడదు. పదో ఎత్తుకి 80, ఇరవైకి 55, ముప్పైకి 30 నిమిషాలు మిగిలేలా చూసుకుంటాను. ప్రతి ఐదు ఎత్తులకీ మిగిలిన టైము స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద రాస్తాను; దానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆటలో మూడు నాలుగు చోట్ల పది నిమిషాలైనా కూర్చోవాలి: బంట్లు ఒకదాన్నొకటి కొట్టుకునే ముందు, క్వీన్లు మారే (చెరొకటి కొట్టుకునే) ముందు, ఎండ్‌గేమ్‌లోకి, అంటే కొద్ది పావులే మిగిలే చివరి దశలోకి దిగే ముందు. వెనక్కి తిప్పలేని ఎత్తులివే.

ఎదుటివాడు ఆడగానే ముందు వాడి ఎత్తు రాస్తాను. ఆ ఎత్తుతో ఏ గడికి గురిపెట్టాడు, ఏ గడికి కాపలా వదిలేశాడు? తర్వాత రాజుకి చెక్‌లు, కొట్టగలిగేవి, బెదిరింపులు చూస్తాను. వాటిలోంచి రెండో మూడో ఎత్తులు తీసి ఒక్కొక్కటీ ఒక్కసారే లెక్కపెడతాను. ఇక్కడే ఎక్కువ ఆటలు పోతాయి. రెండు ఎత్తుల మధ్య పావుగంట అటూ ఇటూ తిరిగి, రెండూ నచ్చక, విసుగుతో చూడని మూడోది అర నిమిషంలో ఆడేస్తాం. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కోటోవ్ ఈ జబ్బు గురించి రాశాడు. టైము ఎంత తక్కువున్నా మూడోదానికి రెండు నిమిషాలు ఇవ్వాల్సిందే.

చివరి తనిఖీ ఎదుటివాడి కుర్చీలోంచి. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరు చివరి గేమ్, 55వ ఎత్తు. అప్పటి ప్రపంచ చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ తన రూక్‌ని f2 గడికి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఒక బంటు వెనకబడ్డా డ్రా అయ్యే ఆట అది. అతనితో పోటీపడుతున్న మన గుకేశ్ ఆ రూక్ కొట్టి, తన బిషప్‌ని d5 గడిలో నిలిపాడు. డింగ్ బిషప్ a8 మూలన ఉంది. మూలనున్న బిషప్‌కి ఉండేది ఒక్కటే వాలు దారి, దానికే అడ్డం పడింది. తప్పుకోవడానికి చోటు లేదు, బిషప్‌లు మారక తప్పదు. మారితే మిగిలేది రాజులూ బంట్లూ, అందులో గుకేశ్ అదనపు బంటు గెలుస్తుంది. "వీటిలో ఒక జత మారితే రెండో జత బతుకుతుందా?" అన్నదే అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న. ఏ మార్పిడి ముందైనా నేనది వేసుకుంటాను.

ముందు ఎత్తు రాసుకుని తర్వాత ఆడమని పాత పుస్తకాలు చెబుతాయి. ఇప్పుడది నిషిద్ధం, ఆర్బిటర్ (పోటీ నిర్ణేత) హెచ్చరిస్తాడు. అందుకని పెన్ను కింద పెట్టి, చేతులు తొడల కింద దోపుకుని, బోర్డు నాలుగు మూలలూ ఒకసారి చూసి అప్పుడు పావు ముట్టుకుంటాను. ముట్టుకున్నాక ఆడాల్సిందే.