ఉన్‌చాస్ అంటే ఎంత?

మా పాప మూడో తరగతి. ఒడిశాలో మా ఊరు పర్లాకిమిడిలోనే ఓ ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడి. సాయంత్రం స్కూలు బస్సు దిగి నేరుగా మా కిరాణా కొట్టుకే వస్తుంది. కందిపప్పు బస్తా మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. అలా దాని సిలబస్ నాకూ సగం వచ్చేసింది.

ఇంగ్లీషు, హిందీ, ఒడియా, లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం). కంప్యూటర్ పుస్తకం కూడా ఉంది గానీ అందులో ఇంకా మౌస్ బొమ్మకి రంగులేసే దగ్గరే ఉన్నారు. తెలుగు లేదు. దాని గురించి నాకు గొడవేం లేదు, ఒడిశాలో ఉంటూ ఒడియా నేర్చుకోకపోతే ఎలా? నేనూ ఒడియా మీడియమే.

మొన్న హిందీ డిక్టేషన్‌లో మేడం 'ఉన్‌చాస్' అంటే ఇది 59 వేసింది. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. అడిగితే దాని లెక్క దానికుంది. పచాస్ అంటే యాభై, 'చాస్' వినబడింది. 'ఉన్' వస్తే చివర తొమ్మిది ఉంటుందనీ తెలుసు. రెండూ కలిపింది. తీరా ఉన్‌చాస్ అంటే యాభైకి ఒకటి తక్కువ, 49. ఒడియాదీ అదే దారి: 29ని అణతిరిశ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువన్నమాట.

మా అమ్మ ఐదో తరగతి దాటలేదు. చింతపండు పొట్లాలు కడుతూ అంతా వింది. "ఏటే గుంటా, నలభై తొమ్మిదంటే నలభై, తొమ్మిది. మధ్యలో యాభై ఎందుకొస్తాది?" అంది.

నిజమే కదా! లెక్కల పుస్తకంలో పది పుల్లల కట్టలు, విడి పుల్లలు బొమ్మలేసి మరీ పేజీలకు పేజీలు చెప్తున్న పాఠం ఇదే. తెలుగులో ఇరవై దాటితే ప్రతి సంఖ్య పేరూ పదుల్నీ ఒకట్లనీ విడదీసే పలుకుతుంది. (పదకొండు నుంచి పందొమ్మిది దాకా మనదీ తిరకాసే, ఒప్పుకోవాలి.) ఇప్పుడు పాప హిందీ లెక్క వినగానే ముందు తెలుగులో గొణుక్కుని, తర్వాత అంకెలేస్తోంది.

గడియారం పాఠంలోనూ ఇదే అయింది. మూడున్నరని సాఢే తీన్ అన్నారు కాబట్టి ఒకటిన్నరని సాఢే ఏక్ అంది. కాదు, డేఢ్. రెండున్నరకేమో ఢాయీ. పాపం, దానికి టెన్షన్. పావు, అర, ముప్పావు మాత్రం పుస్తకం తెరవకముందే వచ్చు. కొట్లో రోజూ వినేవే.

ఈవీఎస్‌లో మన ఆహారం గురించి రాసుకు రమ్మంటే పఖాళ అని రాసి, నీళ్లు పోసిన అన్నం గిన్నె బొమ్మ వేసింది. మా అమ్మ చూసి "ఇది చద్దన్నమే కదే!" అంది. పాప కాసేపు ఆలోచించి పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో చద్దన్నం అని కూడా రాసింది. తెలుగు అక్షరాలు రావు దానికి. ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లినప్పుడు బోర్డుల మీద నేను చూపిస్తే నాలుగైదు గుర్తుపడుతుంది, అంతే.

మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలవడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఊళ్లో మా పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాయలేదు. పేరెంట్స్ మీటింగ్‌లో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడండి అన్నారు. మా అమ్మతోనా? సరేనని తలూపి వచ్చేశాను.

నిన్న ఒకాయన వచ్చి "అఢేయి కిలో చిని" అన్నాడు. నేను ఫోన్లో ఉన్నాను. పాప బస్తా మీంచి దిగి, "నాన్నా, చక్కెర రెండున్నర" అని అరిచి, నేను పోస్తుంటే కాటా మీద 2.500 పడేదాకా కళ్లార్పకుండా చూసింది.