వేలాడే కుండీలకు గిలక

నల్లగొండ దగ్గరి మా బడి వరండాలో వేలాడే కుండీలకు నీళ్లు పోయడానికి పిల్లలు బల్లలెక్కుతుంటే భయమేసి, చేదబావి గిలక గుర్తుకు వచ్చి, దూలానికి చిన్న గిలక బిగించి తాడు కట్టించాను. ఇప్పుడు మూడో తరగతి పిల్లలు సైతం కుండీని నడుము ఎత్తుకు దించుకొని, నీళ్లు పోసి, మళ్లీ పైకి లాగుతున్నారు. లీటరు నీరు కిలో బరువు కనుక, లాగేటప్పుడు ఇద్దరు ఉండాలన్నది మా నియమం.

శని, ఆదివారాలకు మూతకు సన్నని రంధ్రం చేసిన సీసాను మట్టిలో తలకిందులుగా గుచ్చితే చాలు.

స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాత్రం మాడిపోయేవి. ఆ మొక్క ఫ్లోరైడ్‌ను తట్టుకోలేదు, మా బోరు నీటిలో అదే ఎక్కువ. మనుషులు తాగలేని నీటిని మొక్కకు పోయడం నా తెలివితక్కువతనమే. ఇప్పుడు దానికి పట్టి ఉంచిన వాననీరే పోయిస్తున్నాను.